తెల్లన్నం మీద జపాన్ తగాదా

1866 వేసవిలో ఒసాకా కోటలో ఒక కుర్రవాడు మంచం పట్టాడు. పేరు తొకుగావా ఇయెమోచి, వయసు 20 ఏళ్లు. హోదా చూస్తే జపాన్‌ను ఏలుతున్న 14వ షోగున్. ఎదురు తిరిగిన చోషూ సంస్థానాన్ని దారికి తెద్దామని సేనతో వచ్చి ఒసాకాలో మకాం వేశాడు. యుద్ధం సంగతి తేలకముందే ఆగస్టు నెలాఖరులో ప్రాణం పోయింది. ఆయన్ను బలిగొన్నది శత్రువు కాదు, కక్కే అనే జబ్బు. మరో పదకొండేళ్లకు భార్య కజునోమియాకూ అదే జబ్బు వచ్చింది. ఆమె సాక్షాత్తూ కోమేయ్ చక్రవర్తి చెల్లెలు. గాలి మార్పు కోసం హకోనే కొండలకు వెళ్లి అక్కడే 31 ఏళ్లకు కన్నుమూసింది.

దాదాపు వందేళ్ల తర్వాత టోక్యోలో జోజోజి ఆలయంలోని షోగున్ల సమాధులను తవ్వి అస్థికలు పరిశీలించారు. ఇయెమోచి పళ్లన్నీ ఇంచుమించు పుచ్చిపోయి ఉన్నాయి. మిఠాయిలంటే ఆయనకు చెవి కోసుకునేంత ఇష్టం. చక్కెర, మల్లెపూవులాంటి తెల్లన్నం: అప్పటి జపాన్‌లో ఇంతకు మించిన వైభోగం లేదు. ఆ వైభోగమే ఆయన్ను తీసుకుపోయింది.

కక్కే అంటే మనం బెరిబెరి అనే జబ్బే. వడ్ల గింజకు ఊక కింద ఉండే పలుచని పొరలో, మొలకెత్తే మొనలో థయమిన్ అనే బి1 విటమిన్ ఉంటుంది. బియ్యాన్ని తెల్లగా దంపితే అది తవుడుతో పాటే పోతుంది. పప్పో మాంసమో చేపో కూరలో గట్టిగా తినేవాళ్లకు ఆ లోటు తెలియదు. అన్నమే సర్వస్వమైన వాళ్లకు మాత్రం కొన్ని వారాల్లో కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు పట్టేస్తాయి, పాదాలు ఉబ్బుతాయి. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తడితే ఎగరాల్సిన కాలు కదలదు. ముదిరితే గుండె చేతులెత్తేస్తుంది. నిన్నటిదాకా నడిచిన మనిషి రాత్రికి రాత్రి ఊపిరాడక పోతాడు. గుండె మీద పడే ఈ తీవ్ర రూపాన్ని జపాన్ వైద్యులు షోషిన్ అన్నారు. ప్రపంచ వైద్య గ్రంథాల్లో ఇవాళ్టికీ దాని పేరు షోషిన్ బెరిబెరి.

ఇది పల్లెటూళ్లో పుట్టిన జబ్బు కాదు. 17వ శతాబ్దం చివరికి, అంటే గెన్‌రోకు కాలానికి, ఎడో నగరంలో తెల్లబియ్యం తినడం వాడుకైంది. ఎడో అంటే నేటి టోక్యో. రైతు తాను పండించిన వడ్లు శిస్తు కింద కట్టి, ఇంట్లో బార్లీ, చిరుధాన్యాలు, దుంపలు కలిపి వండుకునేవాడు. ఆ శిస్తు బియ్యం పడవల మీద ఎడో చేరేది. సమురాయ్ జీతమే బియ్యం కొలతల్లో ఉండేది. నగరంలో బియ్యం దంచే దుకాణాలు వెలిశాయి. రోలు దొర్లించుకుంటూ వీధి వీధీ తిరిగి, గుమ్మం ముందే దంచిపెట్టే కూలీలు కూడా ఉండేవారు. రాలిన తవుడును నగరవాసులు పారేయలేదు. చిన్న గుడ్డసంచిలో పోసి ఒళ్లు రుద్దుకునేవారు, ఉప్పు కలిపి అందులో ముల్లంగి, వంకాయ ఊరబెట్టేవారు. ఆ ఊరగాయలోకి కాస్త థయమిన్ దిగేది కూడా. అంటే మందు వాళ్ల వంటింటి జాడీలోనే ఉంది. కాకపోతే గంపెడు అన్నానికి ఆ రెండు ముక్కలు ఏ మూలకు?

షోగున్ల నిబంధన ప్రకారం సామంత ప్రభువులు ఏడాది తప్పించి ఏడాది ఎడోలో ఉండాలి. వాళ్ల వెంట వేల మంది భటులు, గుమాస్తాలు కదిలి వచ్చేవారు. సొంతూళ్లో ముతక తిండి తిన్న కుర్రాళ్లు ఎడోలో మూడు పూటలా తెల్లన్నం చూసి మురిసిపోయేవారు. కొన్ని నెలలకు కాళ్లు ఈడ్చేవారు. గడువు తీరి ఊరికి తిరిగెళ్తే, దారిలో హకోనే కొండలు దాటేసరికే నెమ్మదించేదని చెప్పుకునేవారు. అందుకే దానికి ఎడో జబ్బని పేరు పడింది. కారణం నగరం నేలా, నీళ్లా, చెడు గాలా అని వైద్యులు తర్కించారు. జనం మాత్రం గోధుమ వన్నె సోబా తింటే తగ్గుతుందని కనిపెట్టేశారు. ఎడోలో ఆ నూడుల్స్ అంగళ్లు అంతగా పెరగడానికి ఇదీ ఒక కారణమని కొందరంటారు.

1868 తర్వాత దేశం తలకిందులైంది. షోగున్ల పాలన పోయి మెయిజీ చక్రవర్తి పేరున కొత్త ప్రభుత్వం వచ్చింది. బడులు, బ్యారక్‌లు, ఫ్యాక్టరీలు లేచాయి. వాటితో పాటే కక్కే కూడా దేశమంతా పాకింది. సైన్యంలో చేరితే రోజూ తెల్లన్నం పెడతారన్నది పల్లె కుర్రాళ్లకు పెద్ద ఆశ. రోజుకు 6 గో, అంటే సుమారు 900 గ్రాముల బియ్యం ఒక్కో సిపాయికి. ఇంటి దగ్గర పండక్కో పబ్బానికో తప్ప చూడనిది ఇక్కడ పూటపూటా. ఈ మాట మనసులో పెట్టుకుంటే తర్వాత జరిగిందంతా అర్థమవుతుంది. తెల్లన్నం తీసేయడమంటే కొలువులో చేరినప్పుడు ఇచ్చిన మాట తప్పడమే.

చక్రవర్తినీ కక్కే వదల్లేదు. ఎత్తైన పొడినేల మీద మరో భవనం కట్టుకుని అక్కడికి మారితే మంచిదని మంత్రి ఇవాకురా తొమోమి సలహా ఇచ్చాడు. మెయిజీ ఒప్పుకోలేదు. ఈ జబ్బు నాకొక్కడికే వస్తే మారవచ్చు, జనమంతా ఎక్కడికి మారతారు అన్నది ఆయన వాదన. పాశ్చాత్య దేశాల్లో ఇది లేదంటే అన్నమే కారణం కాబోలని, తోదా చోఆన్ అనే సంప్రదాయ వైద్యుడు అన్నం మాన్పించి ఎర్ర అజుకి గింజలు, బార్లీ తినిపిస్తున్నాడని విన్నట్టు కూడా చెప్పాడు. 1878లో ప్రభుత్వం టోక్యోలో ప్రత్యేకంగా కక్కే ఆసుపత్రి తెరిచింది. చక్రవర్తి 20,000 యెన్లు ఇచ్చాడు. ఒక పక్క చైనా సంప్రదాయపు కంపో వైద్యులకు, మరో పక్క పాశ్చాత్య వైద్యం చదివినవాళ్లకు రోగులను పంచి ఎవరు నయం చేస్తారో చూద్దామన్నారు. పత్రికలు దీన్ని సుమో కుస్తీ అని వేళాకోళం చేశాయి. గెలుపోటములు తేలకుండానే కొన్నేళ్లకు ఆసుపత్రి మూతపడింది. సరైన దారిలో ఉన్న తోదా తన పద్ధతిని ఇంటి రహస్యంగా దాచుకున్నాడు. పైగా కంపో వైద్యానికే కాలం చెల్లిందని కొత్త ప్రభుత్వం తీర్మానించుకుంది. పాతకాలపు వైద్యుడు చెప్పిన మాట కనుక అది లెక్కలోకి రాలేదు.

ఇక్కడ తకాగి కనెహిరో వస్తాడు. 1849లో క్యూషూ దీవిలో, నేటి మియజాకి ప్రాంతంలోని పల్లెలో దిగువ స్థాయి సమురాయ్ ఇంట పుట్టాడు. తండ్రి వడ్రంగం కూడా చేసేవాడు. కగోషిమాలో విలియం విల్లిస్ అనే బ్రిటిష్ డాక్టరు దగ్గర వైద్యం నేర్చి, 1872లో నౌకాదళంలో చేరి, 1875 నుంచి అయిదేళ్లు లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో చదివాడు. అక్కడి డాక్టర్లకు బెరిబెరి రోగి కనిపించడమే అరుదు. తిరిగొచ్చి చూస్తే తన నౌకాదళంలో ఏటా నూటికి పాతిక నుంచి నలభై మంది దాకా దాంతోనే పడి ఉన్నారు. 1882లో 4,769 మంది బలగంలో 1,929 కేసులు, 51 చావులు.

తకాగి సూక్ష్మదర్శిని ముందు కూర్చోలేదు, వంటశాలల్లోకి వెళ్లాడు. ఏ ఓడలో, ఏ హోదా వాడికి, ఏ నెలలో వస్తోందో లెక్క రాశాడు. అధికారులకు తక్కువ, నావికులకు ఎక్కువ, ఖైదీ నావికులకు మరీ ఎక్కువ. ఒకే ఓడ, ఒకే గాలి, ఒకే నీళ్లు, తేడా తిండిలోనే. అప్పట్లో నౌకాదళం బియ్యం వరకు సరఫరా చేసి, కూరలకు డబ్బు చేతికిచ్చేది. పేద ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ డబ్బు మిగిల్చి ఇంటికి పంపేవారు. ఊరగాయ నంజుకుని గిన్నెల కొద్దీ తెల్లన్నం తినేవారు. తల్లిదండ్రులకు నాలుగు యెన్లు పంపాలన్న పొదుపే వాళ్ల కాళ్లు తీసేసింది. వైద్యశాస్త్రం కన్నా ముందు ఈ సంగతి పట్టుకోవడంలోనే తకాగి గొప్పతనమంతా ఉంది.

1882 డిసెంబరులో ర్యూజో అనే శిక్షణ ఓడ న్యూజిలాండ్, దక్షిణ అమెరికా మీదుగా హోనలూలూ చుట్టి వచ్చే యాత్రకు బయల్దేరింది. ఓడలో 376 మంది. వారిలో 169 మందికి కక్కే వచ్చింది, 25 మంది చనిపోయారు. తెరచాప దించడానికి, బొగ్గు వేయడానికి మనుషులు చాలని దుస్థితిలో ఓడ హోనలూలూ చేరింది. అక్కడ తాజా మాంసం, కూరగాయలు ఎక్కించాక మిగిలినవాళ్లు తేరుకున్నారు.

తకాగికి కావలసిన ఆధారం అదే. మరో శిక్షణ ఓడ త్సుకుబాను అదే దారిలో, కొత్త తిండితో పంపమని పట్టుబట్టాడు. అదనపు ఖర్చుకు ఆర్థికశాఖను ఒప్పించాలి, అధికారులను ఒప్పించాలి, చివరికి నావికులనూ ఒప్పించాలి. మాంసం, రొట్టె, పాలడబ్బాలు, చిక్కుళ్లు నింపుకుని 1884 ఫిబ్రవరిలో త్సుకుబా కదిలింది. 287 రోజుల యాత్ర, 333 మంది. కక్కే వచ్చింది పదిహేను మందికి అటూ ఇటూగా, అదీ ఎక్కువగా కొత్త తిండి ముట్టనివాళ్లకే. చావు ఒక్కటీ లేదు. రోగులు లేరని దారిలోంచి తంతి వచ్చేదాకా తకాగికి నిద్ర పట్టలేదంటారు. పట్టకపోవడంలో వింతేముంది?

ఆ ఏడు నౌకాదళమంతటా డబ్బు ఇవ్వడం మాని తిండే పెట్టడం మొదలుపెట్టారు. కేసులు 718కి, చావులు 8కి దిగాయి. 1885లో 6,918 మందిలో 41 కేసులు, చావులు సున్న. కానీ రొట్టె నావికులకు నచ్చలేదు. సముద్రంలోకి విసిరేసిన వాళ్లున్నారు. తకాగి మొండికేయకుండా 1885లో బియ్యంలో సగం బార్లీ కలిపించాడు. ముతకగా ఉన్నా అది అన్నమే, గొంతు దిగింది.

నౌకాదళపు వంటల్లో మాంసం కూర కొత్త పాట్లు పడుతూ ఉండగా బ్రిటిష్ ఓడల నుంచి కర్రీ వచ్చి చేరింది. మన కూరపొడి ఇంగ్లండ్ వెళ్లి, అక్కడ పిండి కలిపి చిక్కబరిచిన పులుసై, జపాన్ ఓడల్లో అన్నం మీద పడింది. మాంసం, బంగాళదుంప, క్యారెట్, ఉల్లి ఒకే గిన్నెలో. 1908 నాటి నౌకాదళ వంటల పుస్తకంలో కర్రీ అన్నం తయారీ ఉంది. నేటికీ జపాన్ నౌకాదళంలో శుక్రవారం భోజనం అదే, యొకొసుకా రేవు పట్నం 1999 నుంచి తన్ను తాను కర్రీ పట్నమని చెప్పుకుంటోంది. జబ్బుకు మందుగా కర్రీ పుట్టిందని కొందరు పర్యాటకులకు కథ చెబుతారు. అంత లేదు. మాంసమూ కూరగాయలూ అన్నంతో కలిసి లోపలికి పోయే సులువైన మార్గం దొరికింది, అంతవరకే.

ఇంత స్పష్టంగా తేలాక సైన్యం కూడా అదే చేసి ఉండాలి కదా. చేయలేదు.

నౌకాదళం వైద్యం ఇంగ్లిష్ బాట, సైన్యానిదీ టోక్యో విశ్వవిద్యాలయానిదీ జర్మన్ బాట. ఇంగ్లిష్ పద్ధతి రోగి మంచం దగ్గరా ఆసుపత్రి చిట్టాల్లోనూ కారణం వెతికితే, జర్మన్ పద్ధతి ప్రయోగశాలలో వెతికేది. అది రాబర్ట్ కోఖ్ క్షయ, కలరా క్రిములను పట్టి చూపిన కాలం కూడా. ప్రతి జబ్బుకూ ఒక క్రిమి ఉండి తీరాలన్న ఊపు. 1885లో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒగాతా మసనోరి కక్కే క్రిమి దొరికిందని ప్రకటించాడు. బెర్లిన్‌లో కోఖ్ దగ్గర పనిచేస్తున్న కితసాతో షిబసబురో అది తప్పని రాశాడు. ఒగాతా ఒకప్పుడు అతనికి పై అధికారి, కోఖ్ దగ్గరికి సిఫారసు చేసినవాడు కూడా. గురుద్రోహమని టోక్యోలో గగ్గోలు పుట్టింది. కితసాతో ప్రపంచ ప్రఖ్యాతితో స్వదేశం వచ్చినా విశ్వవిద్యాలయం తలుపు తెరవలేదు. 1892లో విద్యావేత్త ఫుకుజావా యుకిచి ఆదుకుంటేనే సొంత పరిశోధనాలయం పెట్టగలిగాడు.

సైనిక వైద్యంలో పెద్ద తలకాయ ఇషిగురో తదానోరి. ఆయన అండన ఎదిగిన మేధావి మోరి రింతారో. మోరి ఓగై అన్న కలం పేరుతో ఆధునిక జపాన్ సాహిత్యానికి మూలస్తంభం అనిపించుకున్నవాడు ఆయనే. 1884 నుంచి నాలుగేళ్లు లైప్‌జిగ్, మ్యూనిక్, బెర్లిన్‌లలో ఆరోగ్యశాస్త్రం చదివాడు. రాగానే జపాన్ తిండిని తక్కువ చేసే ఇంగ్లిష్ పక్షంపై ఉపన్యాసం దంచాడు. 1889లో సిపాయిలను మూడు జట్లు చేసి అన్నం, బార్లీ అన్నం, పాశ్చాత్య భోజనం కొద్ది రోజుల పాటు తినిపించి శక్తి, మాంసకృత్తుల లెక్క కట్టాడు. అన్నమే మేలని తేలింది. లెక్కలో తప్పు లేదు. ఎనిమిది రోజుల్లో కక్కే రాదు, క్యాలరీల్లో అది కనిపించదు. కొలిచింది కచ్చితంగానే కొలిచాడు, కొలవాల్సింది అది కాదు.

మోరిని విలన్ చేయడం ఇప్పటి జపాన్‌లో ఓ అలవాటుగా మారింది. అది పూర్తి న్యాయం కాదు. తకాగి చెప్పిన కారణం నిజానికి తప్పు. నావికుల తిండిలో నత్రజని తక్కువ, కర్బనం ఎక్కువ, అంటే మాంసకృత్తుల లోటే జబ్బుకు మూలమని ఆయన సిద్ధాంతం. బార్లీ ఎందుకు పనిచేస్తుందో ఆ సిద్ధాంతం సరిగా చెప్పలేదు. బార్లీ తినడమూ జబ్బు తగ్గడమూ ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమవుతుందా అని మోరి 1901లో అడిగిన ప్రశ్న నేటి వైద్య విద్యార్థి కూడా అడగాల్సిందే. కానీ ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా సిపాయిల ప్రాణాలు ఆగవు. బార్లీ విషం కాదు, ఖరీదూ ఎక్కువ కాదు. కలిపి చూస్తే పోయేదేముందో ఆయన చెప్పలేకపోయాడు.

సైన్యంలోనే కలిపి చూసినవాళ్లున్నారు. 1881లో జైళ్లలో ఖర్చు తగ్గించడానికి బియ్యం నాలుగు పాళ్లు, బార్లీ ఆరు పాళ్లు కలిపి వండమని ప్రభుత్వం నియమం పెట్టింది. శిక్షలో భాగంగా పెట్టిన ఆ ముతక కూడుతో ఖైదీల కక్కే మాయమైంది. ఒసాకా దండు వైద్యుడు హోరియుచి తోషికుని దాన్ని గమనించి, 1884 చివర్లో తన సిపాయిలకు బార్లీ అన్నం పెట్టించాడు. జబ్బు పడిపోయింది. పై వాళ్లు మూతి విరిచినా ఒక్కో దండే అనుసరించింది, 1890ల మొదటికల్లా బ్యారక్‌లలో కక్కే దాదాపు లేకుండా పోయింది. దొంగలకు పెట్టే తిండి వీరుడికి పెట్టడమా అన్న రోషం మాత్రం పోలేదు.

ఆ రోషం యుద్ధంలో పైకి తేలింది. 1894లో చైనాతో యుద్ధం రాగానే రేషన్ మళ్లీ తెల్లబియ్యమే. బార్లీకి పురుగు పడుతుందని, మోయడం కష్టమని, చావుకు సిద్ధపడి వెళ్లేవాడికి మంచి అన్నం పెట్టాలని కారణాలు చెప్పారు. సుమారు 40,000 మంది సిపాయిలు కక్కే బారిన పడ్డారు, 4,000 మంది పోయారు. తుపాకులకు బలైనవారి కంటే ఇది ఎన్నో రెట్లు. యుద్ధం తర్వాత తైవాన్‌లో కక్కే చెలరేగితే, అక్కడి వైద్యాధికారి తోకి యోరితోకు సొంత పూచీ మీద బార్లీ ఇప్పించాడు. టోక్యో నుంచి ఇషిగురో అక్షింతలు వేశాడు. తోకి బదులుకు బదులిచ్చి, ఉద్యోగపరంగా మూల్యం చెల్లించాడు.

పదేళ్ల తర్వాత రష్యాతో యుద్ధం. ఈసారి మంచూరియాలో లక్షల సైన్యం, మళ్లీ అదే బియ్యం. దాదాపు 2,50,000 మందికి కక్కే వచ్చింది, 27,000 మందికి పైగా చనిపోయారు. యుద్ధంలో నేలకొరిగినవాళ్లు దాదాపు 47,000 అనుకుంటే, బియ్యం బస్తా ఎంత పెద్ద శత్రువో తెలుస్తుంది. అదే యుద్ధంలో అడ్మిరల్ తోగో ఓడల్లో కక్కే నామమాత్రం. 1905 మార్చిలో సైనిక మంత్రి తెరౌచి మసతాకే, తనకే ఒకప్పుడు కక్కే వచ్చి బార్లీతో తగ్గిన మనిషి, వైద్యుల పంతం పక్కన పెట్టి బార్లీ కలపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఏడే తకాగి బ్యారన్ అయ్యాడు. జనం ఆయన్ను బార్లీ బ్యారన్ అన్నారు, అందులో మెచ్చుకోలూ ఉంది, వేళాకోళమూ ఉంది.

1908లో సైన్యం కక్కే విచారణ సంఘం వేసింది. అధ్యక్షుడు మరెవరో కాదు, అప్పటికి సైనిక వైద్యవిభాగాధిపతిగా ఉన్న మోరి ఓగై. అంతకు ముందే డచ్చివారి జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు వేస్తే లేవడం చూసి రాశాడు. జపాన్ వచ్చిన కోఖ్ కూడా జావాలోని బటావియా వెళ్లి చూడమని సలహా ఇచ్చాడు. సంఘం సభ్యులు వెళ్లి వచ్చారు. వారిలో త్సుజుకి జిన్నోసుకే తిరిగొచ్చి జంతువుల మీద ప్రయోగాలు చేసి తవుడే మందని తేల్చాడు.

ఆ తవుడులోని సారాన్ని వేరుచేసినవాడు డాక్టరే కాదు. సుజుకి ఉమేతారో వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు. 1910 డిసెంబరులో తన ఫలితాలు సభలో చదివి, తర్వాత ఆ పదార్థానికి ఒరిజనిన్ అని పేరు పెట్టాడు. కాసిమిర్ ఫంక్ విటమిన్ అన్న మాట పుట్టించింది 1912లో. వైద్య ఆచార్యులు సుజుకిని పట్టించుకోలేదు. పొలం, ఎరువుల గురించి మాట్లాడేవాడు మనిషి జబ్బు గురించి మాట్లాడతాడా అన్న చులకన. రోగుల మీద పరీక్షలు చేసి షిమజోనో జుంజిరో లాంటి వైద్యులు విటమిన్ లోటేనని 1920ల మొదట్లో రుజువు చేస్తేగాని తగవు తెగలేదు. 1924లో సంఘం పని ముగించింది. మోరి అప్పటికి రెండేళ్ల ముందే చనిపోయాడు. విటమిన్ల పరిశోధనకు 1929లో నోబెల్ ఐక్‌మన్‌కు, ఇంగ్లండ్ శాస్త్రవేత్త హాప్‌కిన్స్‌కు వెళ్లింది. తకాగి పేరు మాత్రం అంటార్కిటికాలో ఒక అగ్రానికి ఉంది. విటమిన్ శాస్త్రవేత్తల పేర్లు పెడుతూ ఐక్‌మన్, ఫంక్‌ల పక్కనే ఆయన్నూ చేర్చారు.

కారణం తేలాక జబ్బు పోవాలి. చావుల లెక్క మాత్రం అదే సమయంలో శిఖరానికెక్కింది. 1923 ఒక్క ఏడాదిలో జపాన్‌లో 26,000 మందికి పైగా కక్కేతో పోయారు. ఆవిరితోనూ కరెంటుతోనూ నడిచే మరలు పల్లెకూ వచ్చాయి. ఒకప్పటి షోగున్ తిండి ఇప్పుడు దుకాణంలో పనికి చేరిన కుర్రాడికి, బట్టల మిల్లు అమ్మాయికి, అద్దెగదిలో ఉండే విద్యార్థికి అందుబాటులోకి వచ్చింది. పక్కన కూర మాత్రం అందలేదు. అందరికన్నా ముందు పోయేది చంటిపిల్లలు. తల్లికి పైకి ఏమీ కనబడకపోయినా పాలలో థయమిన్ ఉండదు. రెండు మూడు నెలల పసివాడు గొంతు పోయి, ఏడుపు వినపడకుండా ఏడ్చి, గుండె ఆగి పోయేవాడు. ఆ తల్లిపాలు ఆపి వేరే పాలు పట్టిస్తే కోలుకుంటున్నారని పిల్లల వైద్యులు 19వ శతాబ్దం చివరికే గమనించారు.

ఈ పసివాడి కథ కోస్తా తెలుగువాళ్లకు పరాయిది కాదు. ఉత్తర సర్కారులు బెరిబెరికి పేరుమోసిన నేల. అక్కడి దండుల్లో సిపాయిలు దీనితో పడిపోతుంటే, మద్రాసు వైద్య మండలి పెట్టిన పోటీకి జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు రాసిన గ్రంథం 1835లో అచ్చయింది. తకాగి పుట్టడానికి ఇంకా 14 ఏళ్లు ఉంది. 1920లలో కూనూరులో పోషకాహార పరిశోధకులు మెకారిసన్, నారిస్, తర్వాత అయిక్రాయిడ్ బృందం వెతికితే తేలిందీ ఆ సంగతే: విశాఖ నుంచి నెల్లూరు దాకా మరపట్టిన పచ్చిబియ్యం తినే జిల్లాల్లో జబ్బు ఉంది, ఉప్పుడు బియ్యం తినే దక్షిణాదిలో లేదు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత తెల్లగా మర పట్టినా అది మిగులుతుంది. 1941లో అయిక్రాయిడ్, కృష్ణన్ ప్రచురించిన పరిశోధన ఈ బెరిబెరి ప్రాంతంలోని శిశుమరణాల గురించే. దంపుడు బియ్యం తినే కూలివాళ్లకు లేని బాధ మర బియ్యం కొనుక్కోగలిగిన ఇళ్లకు రావడం ఇక్కడా అంతే. ఉప్పుడు బియ్యం వాసనంటే ముక్కు మూసుకోవడమూ అంతే.

జపాన్‌లో తెల్లబియ్యాన్ని చివరికి ఆపింది డాక్టర్లు కాదు, యుద్ధకాలపు కరువు. మొలక మొన పోకుండా పట్టిన బియ్యం తినమని 1920ల నుంచి షిమజోనో లాంటివాళ్లు ప్రచారం చేసినా జనం పెద్దగా చెవిన పెట్టలేదు. బియ్యం పొదుపు కోసం 1939లో ప్రభుత్వం బియ్యాన్ని ఏడు పాళ్లకు మించి తెల్లగా పట్టకూడదని చట్టం చేసింది. జనం దాన్ని సీసాలో పోసి కర్రతో పొడిచి ఇంట్లోనే తెల్లగా చేసుకున్నారు. ఆ సీసా, కర్ర యుద్ధకాలపు జ్ఞాపకాల్లో ఇంటింటా కనిపించే దృశ్యం.

యుద్ధం తర్వాత గుడ్లు, పాలు, పంది మాంసం పళ్లెంలోకి వచ్చాయి. 1950ల మొదట్లో క్యోతోలో ఫుజివారా మోతోనోరి వెల్లుల్లితో థయమిన్ కలిస్తే ఒంట్లో తేలిగ్గా ఇంకుతుందని కనిపెట్టాడు. దాని ఆధారంగా తకేదా కంపెనీ 1954లో అలినమిన్ మాత్ర తెచ్చింది. కక్కే మందు మెల్లగా అలసట మాత్ర అయింది. 1960ల మధ్యకు చావులు ఏడాదికి వంద లోపుకు దిగాయి. వైద్య కళాశాలల్లో ఆ పాఠం చరిత్ర పేజీలోకి జరిగింది.

1970ల మధ్యలో జపాన్‌లోని ఆసుపత్రులకు కాళ్లు ఉబ్బి, నడవలేక వచ్చే కుర్రాళ్లు పెరిగారు. హైస్కూల్లో ఆటలాడే వాళ్లు, ఒంటరిగా వండుకుని తినే వాళ్లు. చాలామంది యువ డాక్టర్లు కక్కే రోగిని అంతకు ముందు చూసి ఎరగరు. కొందరికి మొదట నరాల వాపనో, గుండె కండరాల జబ్బనో వైద్యం చేశారు. ఏం తింటున్నారని విడమరచి అడిగితే తేలింది: తెల్లన్నం, ప్యాకెట్ నూడుల్స్, తియ్యటి శీతల పానీయాలు.